దోమల బ్యాట్ల మీద పేటెంటు నోటీసు వచ్చింది, కంటైనర్లు ఆపిస్తామంటున్నారు

హన్మకొండ దుకాణదారు

అందరికీ నమస్కారం. హన్మకొండ చౌరస్తాకు దగ్గరలో, మా నాన్నగారి కాలం నుంచి ఉన్న స్టీలు, ప్లాస్టిక్, చిన్న కరెంటు సామాన్ల దుకాణాన్ని నేను నడుపుతున్నాను. పది రోజుల క్రితం ఢిల్లీ నుంచి ఒక వకీలు పంపిన నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో అందింది. నేను అమ్ముతున్న మడత దోమల బ్యాటు, అంటే మామూలుగా చేత్తో కొట్టడానికీ, రాత్రిపూట స్టాండు మీద నిలబెడితే నీలి దీపం వెలిగి దోమలను లాక్కోవడానికీ పనికివచ్చే రకం, తమ కక్షిదారు పేటెంటునూ, వస్తువు ఆకారం మీద రిజిస్టరైన డిజైనునూ ఉల్లంఘిస్తున్నదని అందులో రాశారు. ఏడు రోజుల్లో అమ్మకం ఆపి 5 లక్షల రూపాయలు చెల్లించాలని, లేకపోతే కస్టమ్స్ వారికి చెప్పి ఓడరేవులోనే కంటైనర్లు ఆపిస్తామని, దుకాణానికి తాళం వేయిస్తామని హెచ్చరించారు.

రెండు వానాకాలాల్లో కలిపి నేను కొన్నవి 240 బ్యాట్లు. ఒక్కొక్కటి 310కి కొని 450కి అమ్ముతున్నాను. అన్నీ అమ్ముడైనా లాభం 33,600 దాటదు, అందులోనూ ఇంకా 46 మిగిలే ఉన్నాయి. బేగంబజార్‌లో నాకు సరుకు ఇచ్చిన దిగుమతిదారును అడిగితే, ఇలాంటి కాగితాలు రోజూ వస్తుంటాయి, చించి పారేయమన్నాడు. పక్క దుకాణం పెద్దాయనేమో చైనా బ్యాట్లను ప్రభుత్వం ఎప్పుడో నిషేధించిందంటున్నారు. వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే తమ దేశంలో కంటే తక్కువ ధరకు ఇక్కడికి పంపే విదేశీ సరుకు మీద వేసే అదనపు సుంకం, ఉన్నదని ఇంకొకరి మాట. ఇందులో ఏది నిజమో, ఏది నాకు వర్తిస్తుందో తెలిసినవారు చెప్పగలరని మనవి.

విశ్రాంత కస్టమ్స్ ఉద్యోగి, కరీంనగర్

మీ పక్క దుకాణం పెద్దాయన మాటలో సగం నిజముంది. 2021 ఏప్రిల్‌లో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, ఒక్కొక్క దోమల బ్యాటు సీఐఎఫ్ విలువ, అనగా సరుకు ధర, బీమా, ఓడ కిరాయి కలిపిన విలువ, 121 రూపాయలకు తక్కువైతే దిగుమతి నిషిద్ధమని ప్రకటించింది. ఆ విలువ దాటిన బ్యాట్లను తెచ్చుకోవచ్చు. 2023లో 20 రూపాయల లోపు సిగరెట్ లైటర్ల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించారు. ఇది పేటెంటు కాదు, యాంటీ డంపింగ్ సుంకమూ కాదు. చవక సరుకు వెల్లువకు అడ్డంగా పెట్టిన కనీస ధర మాత్రమే. మీ సరుకు ఏ విలువ మీద దిగిందో దిగుమతిదారు కస్టమ్స్ దగ్గర దాఖలు చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీ అనే పత్రంలో ఉంటుంది. ఆ కాగితం నకలు అడిగి దగ్గర పెట్టుకోండి. ఇవ్వనంటే, అదీ మీకు తెలియవలసిన సంగతే.

ఇక కంటైనర్లు ఆపిస్తామన్న బెదిరింపు పాతబడిపోయింది. 2007లో వచ్చిన దిగుమతి సరుకుల మేధో సంపత్తి హక్కుల అమలు నియమాల కింద, హక్కుదారు కస్టమ్స్ దగ్గర నోటీసు నమోదు చేసుకుంటే, అనుమానమున్న సరుకు విడుదలను మేము నిలిపివేసేవాళ్లం. ట్రేడ్‌మార్కు, కాపీరైటులతో పాటు పేటెంటును కూడా ఆ జాబితాలో చేర్చారు. అంతర్జాతీయంగా ట్రిప్స్, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ మేధో సంపత్తి ఒప్పందం, తప్పనిసరి చేసింది నకిలీ ట్రేడ్‌మార్కు సరుకునూ, దొంగ కాపీరైటు సరుకునూ ఆపడం వరకే. పేటెంటును చేర్చడం మన ఇష్టపూర్వక నిర్ణయం. నకిలీ షాంపూ సీసాను లేబులు చూసి పట్టుకోవచ్చు గానీ, ఒక ఫోను లోపలి అమరిక ఎవరి పేటెంటు పరిధిలోకి వస్తుందో రేవులో నిలబడిన అధికారి ఎట్లా తేల్చగలడు? పేటెంట్ల విషయంలో అత్యంత జాగ్రత్తగా ఉండాలని, కోర్టు ముందే తేల్చిన సందర్భంలో తప్ప నిర్ణయానికి రావడం కష్టమని 2007 అక్టోబరు సర్క్యులర్‌లో కస్టమ్స్ బోర్డే చెప్పింది.

అయినా జరగవలసింది జరిగింది. మధురైకి చెందిన ఒకాయన రెండు సిమ్‌ల ఫోను మీద పేటెంటు పొంది, దాన్ని కస్టమ్స్ దగ్గర నమోదు చేయించుకోగా, 2009 నుంచి అనేక కంపెనీల ఫోన్లు చెన్నైలో చిక్కుకుపోయాయి. 2012లో అప్పటి మేధో సంపత్తి అప్పీలు బోర్డు ఆ పేటెంటునే రద్దు చేసింది. అదే సంవత్సరం ఎల్‌జీ కంపెనీ వేసిన మరో కేసులో, పేటెంటు ఉల్లంఘన జరిగిందో లేదో కస్టమ్స్ అధికారులు సొంతంగా నిర్ణయించజాలరని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. చివరకు 2018 జూన్‌లో ఆ నియమాల నుంచి పేటెంట్లను పూర్తిగా తొలగించారు. అందువల్ల ఇప్పుడు పేటెంటు పేరుతో కంటైనరు ఆగాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. డిజైను మాత్రం ఆ జాబితాలో ఇంకా ఉందన్న సంగతి మరువకండి.

ఓరుగల్లు వకీలు

పై సభ్యులు చెప్పినదాంట్లో నేను కలపవలసింది లేదు. ముందుగా ఒక్క విషయం చెప్పండి: నోటీసులో పేటెంటు నంబరు అని రాసినచోట ఎన్ని అంకెలున్నాయి? పూర్తి నంబరు ఇక్కడ రాయవద్దు, మొదటి ఆరు అంకెలు చాలు. డిజైను ఏ తేదీన రిజిస్టరైనట్టు రాశారో కూడా చూడండి.

హన్మకొండ దుకాణదారు

మొత్తం 12 అంకెలున్నాయి సార్. 202211 తో మొదలవుతున్నది. డిజైను తేదీ 2022 నవంబరు అని ఉంది.

ఓరుగల్లు వకీలు

అనుకున్నంతా అయింది. మన దేశంలో మంజూరైన పేటెంటుకు ఇప్పుడు నడుస్తున్న వరుసలో ఆరంకెల నంబరు ఉంటుంది. 12 అంకెలున్నది దరఖాస్తు నంబరు. మొదటి నాలుగు అంకెలు దాఖలు చేసిన సంవత్సరం, తరువాతి అంకె కార్యాలయం: 1 అయితే ఢిల్లీ, 2 ముంబై, 3 కోల్‌కతా, 4 చెన్నై. మన తెలంగాణ దరఖాస్తులు చెన్నైకి వెళ్తాయి. అంటే మీకు నోటీసు పంపినవారు 2022లో ఢిల్లీ కార్యాలయంలో దరఖాస్తు వేశారు. దాన్నే పేటెంటు నంబరని రాశారు. ఇన్‌పాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే దరఖాస్తు ఏ దశలో ఉందో ఉచితంగా కనిపిస్తుంది.

దరఖాస్తు ప్రచురితమైన నాటి నుంచి హక్కులు లెక్కకు వస్తాయి గానీ, పేటెంటు మంజూరయ్యేదాకా ఉల్లంఘన దావా వేయడానికి వీల్లేదని పేటెంట్ల చట్టం 11ఎ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. అయితే ఇక్కడే చాలామంది తొందరపడి నవ్వుకుంటారు. రేపు అది మంజూరైతే, ప్రచురణ తేదీ నుంచి జరిగిన అమ్మకాలకు కూడా పరిహారం అడగవచ్చు. తెలియక అమ్మినవాడి మీద పరిహారం వేయరాదని 111వ సెక్షను కాపాడుతుంది కానీ, నోటీసు అందిన రోజు నుంచి తెలియదనే మాట మీ నోట చెల్లదు.

ఆధారం లేకుండా దావా బెదిరింపులు పంపినవారి మీద 106వ సెక్షను కింద మీరే కోర్టుకు వెళ్లి, ఆ బెదిరింపులు అన్యాయమని ప్రకటన, వాటిని ఆపే ఉత్తర్వు, నష్టపరిహారం కోరవచ్చు. బెదిరించినవారికి పేటెంటు ఉన్నా, దరఖాస్తు మాత్రమే ఉన్నా, రెండూ లేకున్నా ఈ సెక్షను వర్తిస్తుంది. పేటెంటు ఉన్నదని తెలియజేయడం మాత్రం బెదిరింపు కిందికి రాదు. మీ నోటీసు తెలియజేయడం దగ్గర ఆగలేదు, తాళం వేయిస్తామన్నది.

బేగంబజార్ సరుకు, జనగామ

వకీలు గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. సెక్షన్లు చదివేసరికి మన బేరం పోతుంది. నాకు మూడేళ్ల క్రితం ఇలాంటిదే వస్తే, ఫోన్ చేసి 20 వేలకు మాట్లాడుకుని రాజీ పత్రం రాయించుకున్నాను. ఢిల్లీ కోర్టుకు ఒక్కసారి వెళ్లివస్తే అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంది.

ఓరుగల్లు వకీలు

రాజీ తప్పని నేనూ అనను. కానీ మీరు సంతకం చేసిన పత్రంలో ఉల్లంఘన ఒప్పుకున్నట్టు ఒక వాక్యం ఉందేమో ఒకసారి తీసి చూసుకోండి. ఆ వాక్యం ఉంటే, ఆ సంస్థ మరుసటి దుకాణదారు ముందు పెట్టేది మీ సంతకాన్నే. ఎన్ని పేటలకు ఇదే నోటీసు వెళ్లిందో తెలుసుకోకుండా ఒంటరిగా ఫోన్ చేసి బేరమాడటం నాకు నచ్చని పని.

కాజీపేట మాస్టారు

నేను ఇంజినీరింగు విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ బోధించేవాడిని కాబట్టి వస్తువు వైపు నుంచి మాట్లాడతాను. దోమల బ్యాటు లోపల పెద్ద రహస్యమేమీ లేదు. చిన్న బ్యాటరీ, దాని వోల్టేజిని వందల రెట్లు పెంచే సర్క్యూటు, ఒక కెపాసిటరు, మూడు పొరల జాలీ. ఈ రకం బ్యాటుకు తైవాన్ ఆవిష్కర్త ఒకరు 1996లోనే అమెరికాలో పేటెంటు పొందారు. పేటెంటు ఆయుష్షు 20 సంవత్సరాలే కనుక ఆ మూల ఆలోచన ఇప్పుడు అందరి సొత్తు. మీ నోటీసుదారు కొత్తదనమని చెప్పుకోగలిగింది మడత కీలు, స్టాండు, దీపం కలిసిన అమరిక ఒక్కటే. ఇన్‌పాస్‌లో దరఖాస్తు తెరిచి, చివర్న ఉండే క్లెయిముల భాగం చదవండి. మొదట్లో ఉండే వర్ణనంతా కథ, హక్కు ఉండేది క్లెయిముల్లోనే. మొదటి క్లెయిములో, ఉదాహరణకు, కీలు, స్టాండు, చీకటి పడగానే దీపం వెలిగించే సెన్సరు అని మూడు అంశాలుండి, మీ బ్యాటులో సెన్సరు లేక చేత్తో నొక్కే స్విచ్చు మాత్రమే ఉంటే, ఆ క్లెయిము మీ బ్యాటును తాకదని గట్టిగా వాదించవచ్చు. స్క్రూలు విప్పి ఫొటోలు తీసిపెట్టుకోండి, జాలీలో మిగిలిన కరెంటును ముందు తీసేసిన తరువాతనే.

అది ఇంకా దరఖాస్తే అయితే, ఇది పాత సంగతేనని చూపుతూ మంజూరుకు ముందే ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. 2024 నియమాల తరువాత దానికి ఫీజు కూడా కట్టాలి. మంజూరయ్యాక అయితే ఆ మంజూరు ప్రచురితమైన నాటి నుంచి ఒక సంవత్సరం లోపు, అదీ సంబంధమున్నవారు మాత్రమే అభ్యంతరం వేయగలరు.

అమెరికా బిడ్డ తండ్రి, హుజూరాబాద్

మా బిడ్డ అక్కడ పనిచేస్తుంది. ఆపిల్ వాచీలను పేటెంటు గొడవ వల్ల అమెరికాలోకే రానివ్వలేదని చెప్పింది. అక్కడ అంత సులభంగా ఆగితే ఇక్కడ కస్టమ్స్‌కు చేతకాదనడం ఏమిటి?

కాజీపేట మాస్టారు

అన్నా, అక్కడ దారి వేరు. అమెరికాలో 1930 నాటి టారిఫ్ చట్టం 337వ సెక్షను కింద అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ అని ప్రత్యేక సంస్థ ఉంది. దిగుమతి సరుకు తన పేటెంటును ఉల్లంఘిస్తున్నదని, ఆ పేటెంటు ఆధారంగా అమెరికాలో ఒక పరిశ్రమ నడుస్తున్నదని చూపించగలిగితే, సుమారు ఏడాదిన్నరలో విచారణ ముగించి సరిహద్దులోనే సరుకును ఆపే ఉత్తర్వు ఇస్తుంది. అక్కడ నష్టపరిహారం దొరకదు, తలుపు మూయడం మాత్రమే. ఉత్తర్వును తోసిపుచ్చడానికి అధ్యక్షుడికి 60 రోజుల గడువుంటుంది. 2013లో శాంసంగ్ పొందిన ఉత్తర్వు ఆపిల్ పాత ఫోన్ల మీద అమలు కాకుండా ఒబామా ప్రభుత్వం తోసిపుచ్చింది. మీ బిడ్డ చెప్పింది మాసిమో అనే సంస్థ గెలిచిన కేసు. రక్తంలో ఆక్సిజన్ కొలిచే పద్ధతి మీద 2023 అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది, డిసెంబరు చివర్లో అమలైంది, 2024 జనవరిలో ఆ సౌకర్యాన్ని తీసేసి ఆపిల్ వాచీలను అమ్ముకుంది. అంటే అక్కడ కూడా తేల్చింది కమిషన్. కస్టమ్స్ ఆ ఉత్తర్వును అమలు చేసింది. మనకు అలాంటి కమిషన్ లేదు. ఆ పని మన హైకోర్టులే చేస్తున్నాయి. 2014 డిసెంబరులో ఎరిక్సన్ కోరగా షావోమీ ఫోన్ల దిగుమతిని, అమ్మకాన్ని ఢిల్లీ హైకోర్టు ఆపింది. తరువాత క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లను మాత్రం, ఒక్కొక్కదానికి 100 రూపాయలు కోర్టులో జమచేసే షరతు మీద అనుమతించింది.

ఎనుమాముల వర్క్‌షాపు

ఇంతసేపూ దిగుమతి సరుకు అమ్మేవారిని ఎట్లా కాపాడాలనే మాట్లాడుతున్నారు. తయారుచేసేవాడి గోడు కూడా వినండి. నేను మార్కెట్ రోడ్డులో రైతులకు బ్యాటరీ స్ప్రేయర్లు తయారుచేసి అమ్ముతాను. ట్యాంకు, పంపు, మోటారు కలిపి నాకు పడే ఖర్చు కంటే తక్కువ ధరకు విదేశీ స్ప్రేయరు ఇక్కడ దుకాణంలో దొరుకుతున్నది. యాంటీ డంపింగ్ సుంకం వేయించాలని రెండేళ్లుగా తిరుగుతున్నాను.

విశ్రాంత కస్టమ్స్ ఉద్యోగి, కరీంనగర్

మీ బాధ నిజమే కానీ, చవకగా దొరకడమే డంపింగ్ కాదు. ఎగుమతి చేసేవాడు తన దేశంలో అమ్ముకునే ధర కంటే తక్కువకు ఇక్కడికి పంపాలి, దానివల్ల ఇక్కడి పరిశ్రమ నష్టపోవాలి, ఆ నష్టం ఆ దిగుమతుల వల్లనే అని తేలాలి. 2018లో ఏర్పడిన వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీటీఆర్, దీన్ని విచారిస్తుంది. సుంకం వేయాలో వద్దో చివరకు తేల్చేది ఆర్థిక శాఖ. దరఖాస్తును సమర్థించే తయారీదారుల ఉత్పత్తి దేశం మొత్తం ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి, అభిప్రాయం చెప్పినవారిలో వ్యతిరేకించేవారి కంటే సమర్థించేవారి ఉత్పత్తి ఎక్కువుండాలి. మీ ఒక్క వర్క్‌షాపు లెక్కలతో అది కుదరదు. స్ప్రేయర్లు తయారుచేసేవారందరూ సంఘంగా కలిసి, సంవత్సరాలవారీగా ఉత్పత్తి, అమ్మకం, ధర, లాభనష్టాల లెక్కలు ఇవ్వాలి. విచారణకు ఏడాది, ఎక్కువలో ఎక్కువ ఏడాదిన్నర.

కుదిరినప్పుడు ఏమవుతుందో స్టీలు ఫ్లాస్కుల విషయంలో చూడవచ్చు. 2025 మార్చిలో చైనా వాక్యూమ్ ఫ్లాస్కుల మీద టన్నుకు 1,732 డాలర్ల సుంకం ఐదేళ్లకు విధించారు. అర కిలో తూగే ఫ్లాస్కు మీద అది 87 సెంట్లు, డాలరును 86 రూపాయలనుకుంటే సుమారు 75 రూపాయలు. దాని మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద కట్టే జీఎస్టీ, పడుతుంది. హన్మకొండ తమ్ముడి దుకాణంలో కూడా ఫ్లాస్కులుంటే, ఆ ధర ఎందుకు పెరిగిందో ఇక తెలిసినట్టే. ఈ సుంకానికి ఎవరి పేటెంటుతోనూ సంబంధం లేదు. పేటెంటు లేని సాదా వస్తువు మీదా పడుతుంది, పేటెంటుదారు స్వయంగా పంపిన సరుకు మీదా పడుతుంది.

ఎనుమాముల వర్క్‌షాపు

25 శాతం సంగతి ఇన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదు. నా స్ప్రేయరు గన్‌కు నేను చేసుకున్న మార్పు మీద పేటెంటు వేస్తే ఈ సరుకు ఆగుతుందా అని కూడా ఒక ఏజెంటును అడిగాను, ఆగుతుందన్నాడు. ఇప్పుడు అనుమానంగా ఉంది.

కాజీపేట మాస్టారు

మీ మార్పును ఎవరైనా కాపీ కొడితేనే ఆగుతుంది. వారి పాత గన్‌తో వచ్చే చవక స్ప్రేయరును మీ పేటెంటు ఏమీ చేయలేదు. పైగా ఆ మార్పుతో రెండేళ్లుగా బహిరంగంగా అమ్ముతున్నట్టయితే, మీ సొంత అమ్మకమే మీ దరఖాస్తుకు అడ్డం పడుతుంది. అమ్మకానికి ముందే దరఖాస్తు వేయాలి. ఆ ఏజెంటు ఈ ప్రశ్న అడిగాడా?

నిర్మల్ కొయ్యబొమ్మ

చర్చకు కొంచెం పక్కగా ఉన్నా ఒక మాట. మా పొనికి కర్ర బొమ్మలకు పేటెంటు రాదు, తరతరాల సంప్రదాయ విజ్ఞానానికి చట్టం పేటెంటు ఇవ్వదు. భౌగోళిక గుర్తింపు ఉంది కానీ అది నిర్మల్ అనే పేరును కాపాడుతుంది, చిలుక ఆకారాన్ని కాదు. మాకు నిజంగా ఊపిరి పోసినవి సుంకమూ, నాణ్యత ఉత్తర్వూ. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ ఇచ్చే బీఐఎస్ గుర్తు తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారులకు అందులో మినహాయింపు ఇచ్చారు. పేటెంటు ఒక్కటే గోడ అనుకునేవారికి ఈ సంగతి తెలియాలని రాశాను.

హన్మకొండ దుకాణదారు

అందరికీ కృతజ్ఞతలు. ఇన్‌పాస్‌లో చూశాను. దరఖాస్తు ప్రచురితమైంది, పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. క్లెయిములో మాస్టారు ఊహించినట్టే చీకటి సెన్సరు ఉంది, మా బ్యాటులో లేదు. డిజైను మాత్రం నిజంగానే రిజిస్టరై ఉంది. బొమ్మలో ఉన్న బ్యాటూ, మా బ్యాటూ అచ్చం ఒకేలా ఉన్నాయి. భయపడి పాత వాట్సాప్ సందేశాలన్నీ వెతికాను. బేగంబజార్ దిగుమతిదారు 2021 జూలైలో మా డీలర్ల గ్రూపులో పెట్టిన కేటలాగులో ఇదే బ్యాటు ఫొటో ఉంది. అప్పుడు నేను కొనలేదు గానీ ఫైలు ఇంకా ఫోనులో ఉంది.

ఓరుగల్లు వకీలు

ఈ చర్చలో విలువైన కాగితం అదే. డిజైన్ల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌కు ముందే మన దేశంలో గానీ మరే దేశంలో గానీ ప్రచురితమైన డిజైను రద్దుకు అర్హం, ఆ కారణాన్నే దావాలో రక్షణగా కూడా చెప్పవచ్చు. ఒక డీలర్ల గ్రూపులో పెట్టడం ప్రచురణ అవునా కాదా అని అవతలివారు తప్పక వాదిస్తారు. కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా, 2022 నవంబరుకు ముందు ఆ బ్యాటు అమ్మినట్టు దిగుమతిదారు జీఎస్టీ బిల్లులు, చైనా అమ్మకపు వెబ్‌సైట్లలో తేదీతో ఉన్న పేజీలు సేకరించండి. ఫోను మార్చవద్దు, ఆ గ్రూపు నుంచి బయటకు రావద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం కావాలి.

5 లక్షల గురించి: డిజైను కాపీకి నిర్ణీత మొత్తం కోరే దారిలో ఒక్కొక్క ఉల్లంఘనకు 25 వేలు, ఒక డిజైనుకు మొత్తం 50 వేలు దాటడానికి వీల్లేదు. నష్టపరిహారం, నిషేధం కోరే దారి వేరేగా ఉంది, కానీ అందులో వారు తమ నష్టాన్ని నిరూపించుకోవాలి. మీ 33,600 లెక్క అక్కడ మీకే ఉపయోగపడుతుంది.

దిగుమతిదారును కూడా వదలకండి. కొన్న సరుకును ఎవరి అడ్డూ లేకుండా అనుభవించే హామీ 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 14వ సెక్షనులోనే ఉంది. చించి పారేయమన్న మనిషికే ఈ నోటీసు నకలు జతచేసి, ఖర్చులు, మిగిలిన సరుకు అతనే భరించాలని లేఖ రాయండి. నోటీసుకు జవాబు నేను ముసాయిదా రాసి పంపుతాను.

హన్మకొండ దుకాణదారు

నిన్న జవాబు పోస్టు చేశాను సార్. దిగుమతిదారుకు లేఖ అందిన సాయంత్రమే ఫోన్ చేసి, మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటానన్నాడు. 2022 నాటి బిల్లులు కూడా వెతికిస్తానన్నాడు. అమ్మకం ఆపి, 46 బ్యాట్లనూ అట్టపెట్టెల్లో కట్టి అటక మీద పెట్టాను. ఒక్క సందేహం మిగిలింది. ఇంట్లో దోమలు విపరీతంగా ఉన్నాయి. వాటిలో ఒకటి మా వాడకానికి తీసుకోవచ్చా?

ఓరుగల్లు వకీలు

డిజైన్ల చట్టం అడ్డుకునేది అమ్మకానికి తేవడాన్ని, అమ్మకానికి పెట్టడాన్ని. ఇంట్లో దోమను కొట్టుకుంటే ఉల్లంఘన కాదు. కానీ మన జవాబులో నిల్వ 46 అని రాశాం. పెట్టె విప్పితే తేదీ వేసి స్టాకు పుస్తకంలో 45 అని రాసి, ఆ ఒక్కటి ఎటు పోయిందో పక్కన రాసుకోండి.